అంచున పడిన గీత

శనివారం రాత్రి

నాగేంద్ర సీడీల అంగడికి ఈ రోజే ఆఖరు. సోమవారం నుంచి అతనికి సోలార్ పార్కులో కాపలా పని. మూసేలోపు మా చేనులో వేరుశనగ పీకిన నాటి డిస్కుకు ఇంకో కాపీ చేయించుకుందామని పోయాను. ఆ వీడియో తీసింది అతనే. నా భార్య జయ పోయాక ఆమె గొంతు మిగిలింది దానిలోనే.

డ్రైవులో పెట్టగానే గరగరమని శబ్దం వచ్చింది. నాగేంద్ర గబుక్కున ప్లగ్గు పీకేశాడు. డ్రైవు చెడిపోయింది. డిస్కు అంచున గుండ్రంగా గీత పడింది.

"దిగులు పడొద్దు సార్. దీనికి మొదలు నడిమధ్యలో ఉంటాది, చివర అంచుకు ఉంటాది. అక్క మాట్లాడేది యాడ?"

"మొదట్లోనే. నిన్ను తిట్టేది."

అతను నవ్వినాడు. "'నన్నేందప్పా తీసేది, శనక్కాయలు తియ్యి' అనింది గదా! అట్లయితే అక్కకేం కాలేదు."

ఆ చేనంతా ఇప్పుడు సోలార్ పలకలే. డిస్కు ఇంకో డ్రైవులో ఆడుతుందో లేదో...

వల్లూరులో నాగేంద్ర బావ దగ్గర మంచి డ్రైవు ఉందట. రేపు పొద్దున మొదటి ఆటోకే పోతాను. అంచుదాకా పోవద్దని, ఆమె తిట్టు వచ్చేంతవరకు చాలని చెబుతాను.