కాపడం పెట్టని చేతులు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, కార్డు చూసి కంగారుపడకు.

నరంలోకి చిన్న కరెంటు పంపి, అదెంత వేగంగా పోతుందో చూడటమే కదా నా పని. నిన్న అంట్లు తోమే ఒక పెద్దావిడ చేతులు తిమ్మిరెక్కుతున్నాయని పరీక్షకు వచ్చింది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. చేయి చల్లగా ఉంటే మంచి నరం కూడా నెమ్మదిస్తుంది, అందుకే ముందు కాపడం పెట్టాలి. భోజనం వేళైందని నేను పెట్టలేదు. నరం దెబ్బతిందని రాసి, ఆవిడతోనూ అనేశాను. ఏడుస్తూ వెళ్లింది. డాక్టరుగారు అనుమానపడి ఈరోజు మళ్లీ పిలిపించారు. కాపడం పెట్టి చూస్తే నరం నిక్షేపంగా ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. "పోనీలే తల్లీ, రాత్రంతా ఏడ్చింది ఉత్తిపుణ్యానికేనన్నమాట!" అని ఆవిడ నవ్వింది. తిట్టినా బాగుండేది.

నీ చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే, "వయసు కదమ్మా" అని నిన్నూ చూడకుండానే తేల్చేశాను. ఏ వేళ్లు? బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా? వస్తువులు జారిపోతున్నాయా? నీ కిందటి కార్డు నాన్న చేతిరాతలో ఎందుకొచ్చిందో ఇప్పుడు తట్టింది. దీనికి జవాబూ ఆయన చేతే రాయించు. ఆయనకు నా నమస్కారాలు.

తొందరగా ఒకసారి రా అమ్మా. ముందు నీ చేతులకు కాపడం పెడతాను, ఆ తరువాతే పరీక్ష.

నీ కూతురు