అమ్మ ఏరిన మట్టి

తమ్ముడూ, మేం బాగున్నాం. పంట రావట్లేదని చేను వదిలేస్తానన్న మాట మాత్రం కాస్త ఆపు. పరీక్షకు నువ్వు పంపిన మట్టిలో, నేలకు సత్తువిచ్చే కర్బనం దాదాపు సున్నా వచ్చింది. "మేడమ్, ఇది చేలో మట్టా, ఇల్లు కట్టే ఇసుకా?" అని మా ల్యాబ్ అతను నవ్వాడు. తీరా పొట్లం దులిపితే అడుగున అమ్మ చీటీ: "శుభ్రమైన మట్టి కావాలన్నావుగా తల్లీ, బియ్యంలా ఏరి చెత్తంతా పారబోశా." ఇసుక నేలకు ఆ కుళ్లిన వేళ్లూ గడ్డిపరకలే ప్రాణం. అమ్మనేం అనకు, "శుభ్రమైన" అని రాసింది నేనే. రెండోసారి అంకె పెరుగుతుందని ఒట్టేసి చెప్పలేను, అయినా ఏరకుండా మళ్లీ పంపు. అందాకా కోతయ్యాక మిగిలిన కొయ్యకాళ్లు తగలబెట్టకు, చేను దున్నకు. మరదలి నడుంనొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు. నువ్వూ, చెత్తతో సహా నీ చేనూ చల్లగా ఉండాలి.

అక్క