పిన్నిని సాయంత్రం ఐదింటిలోగా వదిలిపెట్టడం గురించి

పోలీసు స్టేషన్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిన్నటి ఊరేగింపులో అరెస్టయిన మా పిన్నిని, ఆమె ఓటు పోకముందే విడుదల చేయవలసిందిగా కోరుతూ.

ఈ ఉదయం నేను వచ్చేసరికి తమ వరండాలో ఒక కానిస్టేబుల్ గారు హెల్మెట్‌తో నీళ్ళు తెచ్చి పూలకుండీలకు పోస్తున్నారు. అది చూశాక ఈ అర్జీ రాయడానికి ధైర్యం వచ్చింది.

1. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పిన్ని ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఓటర్ల జాబితా పరిశీలనకు వచ్చినవారు పనివేళలో వచ్చారు. తాళం కనబడిన ప్రతి గుమ్మం దగ్గరా ‘ఇల్లు ఖాళీ’ అని రాసుకుని పేర్లు కొట్టేశారు. పిన్ని పేరూ అలాగే పోయింది. తిరిగి చేర్పించుకోవాలంటే మనిషి స్వయంగా ఓటర్ల కార్యాలయానికి వెళ్ళి నిలబడాలి. గడువు ఈ సాయంత్రం ఐదు. పిన్ని తమ లాకప్‌లో ఉంది.

2. మొదటి రోజు పేర్లు పోయిన మేమంతా రోడ్డు పక్కన నిలబడ్డాం, తమ సిబ్బంది ఆవులించారు. మర్నాడు మేము రోడ్డు మీదికి వచ్చాం, తమరు ఇనుప కంచెలు తెప్పించారు. ఆ తరవాత కంచెలు కాస్త జరిగాయి. ఎవరు జరిపారన్నది ఇరుపక్షాలూ ఒప్పుకోవు. దాంతో లాఠీలు, మా వైపు నుంచి చెప్పులు. నిన్న నీళ్ళ ఫిరంగి. నిన్నటి దానికి మాత్రం కారణం నేను.

3. నాకు నినాదాలివ్వడానికి గొంతు రాదు. అందుచేత ఊరేగింపులో పట్టుకునే అట్టలు రాసే పని అప్పగించారు. మిగతావాళ్ళ అట్టల మీద రెండేసి ముక్కలున్నాయి. పిన్ని అట్ట మీద మాత్రం విషయం పూర్తిగా రాశాను. మూడు పేరాలు. సగం మాట చెప్పి వదలకూడదని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. ఒకచోట అనుమానం రాకుండా చుక్క గుర్తు పెట్టి, అడుగున చిన్న అక్షరాలతో వివరణ కూడా ఇచ్చాను.

4. కంచె దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ గారి కంటికి ఆ రాత ఆనలేదు. కళ్ళు చికిలించారు. తరవాత కంచె దాటి వచ్చారు.

“ఏంటమ్మా ఇంత రాశారు? కాస్త ఎత్తి పట్టుకో.”

“నువ్వే వంగు నాయనా. పొద్దుట్నుంచీ మోస్తున్నా, చేతులు పడిపోతున్నాయి.”

“ఈ చుక్కేంటి?”

“కింద చూడాలట. మా అక్క కూతురు రాసింది. దానికన్నీ వివరంగా ఉండాలి. కూరలో ఉప్పెక్కువైందన్నా ఎందుకెక్కువైందో చెబుతుంది.”

ఆయన వంగి, వేలు పెట్టి పైకే చదివారు: “ఇల్లు ఖాళీ అంటే ఇంట్లో ఎవరూ లేరని కాదు, పనికి వెళ్ళారని.” “నిజమే కదా” అన్నారు.

ఆయన వంగడం మాత్రమే వెనకవాళ్ళకు కనబడింది. మావాళ్ళు “పిన్నిగారి మీద పడుతున్నాడు!” అని అరిచారు. తమవాళ్ళు “మనోణ్ణి లాగేశారు!” అని అరిచారు. తక్కినది తమరికి తెలుసు. ఫిరంగి మొదట తడిపింది కూడా ఆ కానిస్టేబుల్ గారినే.

5. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిని పిన్ని వలపన్ని ముందుకు రప్పించిందని తమ కేసు. ఆమె పన్నిన వల ఏదీ లేదు. చదువుతున్న మనిషికి అట్ట కదలకుండా పట్టుకుంది, అంతే. అట్ట తమ దగ్గరే సాక్ష్యంగా ఉంది. చెరగని సిరాతో రాశాను కనుక ఇప్పటికీ చదువుకోవచ్చు.

6. లాకప్‌లో పిన్ని వల్ల తమ సిబ్బందికి కలుగుతున్న ఇబ్బంది కూడా మనవి చేయవలసి ఉంది. “ఈ దుప్పట్లు ఉతికి ఎన్నాళ్ళయిందమ్మా? మా ఆసుపత్రిలో శవాల మీద కూడా ఇలాంటివి కప్పరు” అని పొద్దున్న మహిళా కానిస్టేబుల్ గారిని నిలదీసింది. ఆవిడ నా వైపు చూసి, “తొందరగా తీసుకెళ్ళండి తల్లీ, మీకు పుణ్యముంటుంది” అన్నారు. తాళం తమరి అనుమతి లేనిదే తీయరట.

7. ఈ సంగతులన్నీ నోటితో చెప్పాలనే తమరి బల్ల దగ్గరకు వచ్చాను. “ఏం కావాలి?” అన్నారు. మంచినీళ్ళు అన్నాను. ఇచ్చారు. తాగి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చాను. మళ్ళీ నీళ్ళే. ఇక తాగలేక ఇది రాస్తున్నాను.

కేసు పెట్టక తప్పదంటే, రాసింది నేను కనుక నా మీద పెట్టండి. పిన్నిని పంపండి. ఓటర్ల కార్యాలయం రెండు వీధుల అవతలే. ఆమె త్వరగానే నడుస్తుంది. కావాలంటే కానిస్టేబుల్ గారిని తోడిచ్చి పంపి, పని కాగానే తిరిగి రప్పించుకోండి. వస్తుంది. దుప్పట్ల సంగతి ఇంకా తేలలేదు.

ఈ మనవి చిత్తగించి, ముందు తాళం తీయించవలెను. మిగిలిన విచారణ తమరి తీరికను బట్టి.

తమ విధేయురాలు,
వరండా బెంచీ మీద చివరన కూర్చున్న అమ్మాయి

తా.క. కొట్టేసిన పేర్లలో నాదీ ఉంది. పిన్ని బయటికి వచ్చేదాకా నేను వెళ్ళను.