గరాజ్ కొళాయి దగ్గరి మగ్గు

శనివారం రాత్రి, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్

ఈ రోజు మా పురావస్తు తవ్వకం చూడడానికి జనం వచ్చారు. పాత చెరకు తోటలో, దొర బంగళా వెనక దొరికిన ఎనామిల్ మగ్గును గ్లవ్స్ వేసుకుని మరీ ఎత్తి చూపించాను.

"బంగళా చెత్తకుప్పలో అన్నీ ఒకే సెట్టు పింగాణీ. ఇదొక్కటే వెనక మెట్టు దగ్గర విడిగా దొరికింది. ఆ రోజుల్లో దీవుల నుంచి బలవంతంగా ఓడల్లో పట్టుకొచ్చిన కూలీలది అయ్యుంటుంది. వాళ్ళ నోరు తగిలిన మగ్గు లోపలికి రాకూడదు."

ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నాకు గర్వంగానే అనిపించింది.

ఇంటికొచ్చేసరికి, మా పెరట్లో గడ్డి కోసే టామ్ గరాజ్ కొళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాడు. పెచ్చులూడి తుప్పు పట్టిన ఎనామిల్ మగ్గుతో. వాళ్ళ ముత్తాతనూ దీవుల నుంచి అలాగే చెరకు తోటలకు తెచ్చారని ఆమధ్య తనే చెప్పాడు. తాగి, మగ్గు కడిగి, ఇటుక మీద బోర్లించి, నా ముఖం చూసి "నో వర్రీస్" అన్నాడు.

లోపలికెళ్ళి ఆ మగ్గు సంగతి అత్తయ్యను అడిగాను.

"అది అతనిదే. మన గ్లాసుల్లో కలపకు తల్లీ."

"తుప్పు పట్టింది కదా అత్తయ్యా?"

"పాతవి పారేయకూడదని ఊరందరికీ చెప్పేది నువ్వేగా!"

మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా నవ్వారు. పాడు నవ్వు, నాకూ వచ్చింది.

ఇందాక టార్చి పట్టుకుని వెళ్ళి చూశాను. ఇటుక మీద గుండ్రంగా తుప్పు మరక. ఒక్క రోజులో పడేది కాదు. తవ్వకంలో అలాంటిది కనిపిస్తే ఆధారమని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తాం, ఎవరి చెయ్యీ తగలనివ్వం.

వైర్ బ్రష్ తెచ్చి మరక పోయేదాకా రుద్దాను. తర్వాత మగ్గును మళ్ళీ అక్కడే బోర్లించాను.