ఏడు గంటల టీవీకి ఎర్ర గుండీల వేలం

చిరంజీవి లెక్చరర్ గారికి,

పిన్ని దీవెనలు. నీ ఉత్తరం అందింది. ఉద్యోగంలో చేరి నెల తిరక్కుండానే పిల్లలు నీ క్లాసులో కునుకు తీస్తున్నారని రాశావు. అర్థశాస్త్రం అన్న మాట చదవగానే నాకూ ఆవులింత వచ్చింది, దాచుకోవడమెందుకు. సినిమాలూ సీరియళ్ళూ, వంటింటి సంగతులూ చెప్పి పాఠం నేర్పుదామన్న నీ ఆలోచన మాత్రం బాగుంది. ఉదాహరణలుంటే పంపమన్నావు. నా దగ్గర ఉదాహరణలు లేవు నాయనా, కొంప మునిగే వ్యవహారం ఒకటుంది. పాఠం నువ్వు చెప్పుకో, ఉపాయం నాకు చెప్పు.

మా హాస్టల్లో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు ముప్ఫై ఇద్దరు. టీవీ ఒకటి, రిమోటూ ఒకటే. సాయంత్రం ఏడయ్యేసరికి అందరూ హాల్లో చేరతారు. సరిగ్గా ఆ గంటకే ఒక చానల్లో సీరియల్, ఇంకోదాంట్లో పాటల పోటీ, మూడోదాంట్లో మ్యాచ్. సీరియల్లో కోడలు మూడు నెలలుగా మెట్ల మీంచి పడబోతోంది, ఇంకా పడలేదు. పడే రోజు తప్పిపోతుందేమోనని పన్నెండు మంది ఒక్క పూట కూడా వదలరు. మొన్న గురువారం నర్సు రిమోట్ లాక్కుంటే, బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి దాన్ని మళ్ళీ లాగి నీళ్ళ బకెట్లో వేసింది. తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదట. రెండు రోజులు ఎండబెడితే గానీ రిమోట్ మళ్ళీ పనిచెయ్యలేదు.

కమిటీకి మూడు ఫిర్యాదులు వెళ్ళాయి. అధ్యక్షురాలు నన్ను పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా చెప్పింది. ఇక మీద ఈ టీవీ గొడవ గురించి ఇంకొక్క కాయితం వస్తే మేట్రన్‌ని అంటే నన్ను మార్చేస్తారట. ఉద్యోగం పోతే దాంతో పాటు గదీ పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్న గది అది. ఈ వయసులో పెట్టె పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కమంటావు? నవ్వుతూ రాస్తున్నాను గానీ భయంగా ఉంది.

ఇట్లు,
ఉపాయం కోసం ఎదురుచూసే
పిన్ని

తా.క. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఆ ఫోన్ టీవీ పక్కనే ఉంది. పోయినసారి మోకాలు వాచిందని చెబితే, నువ్వు ఏం విన్నావో ఏమో, 'చాలా సంతోషం పిన్నీ' అని పెట్టేశావు.

---

పిన్నికి,

నమస్కారాలు. నీ కష్టం చదివి బాధ కలిగింది. ఆ వెంటనే, క్షమించు, పరమానందం కూడా కలిగింది. కోరేవాళ్ళు ఎక్కువ, వస్తువు తక్కువ. మా శాస్త్రం పుట్టిందే ఇందుకోసం.

ఇలా చెయ్యి. హాస్టల్లో ఉండే ప్రతి ఒక్కరికీ వారానికి పదేసి బిళ్ళలు ఇవ్వు. ఆదివారం పొద్దున వేలంపాట పెట్టు. సోమవారం ఏడు గంటలు ఎవరికి, మంగళవారం ఎవరికి, అలా శనివారం దాకా. ఎక్కువ పాడినవాళ్ళకు ఆ రోజు రిమోట్. ఊరికే అడిగితే ప్రతివాళ్ళూ నాకే ఎక్కువ కావాలంటారు. చేతిలోంచి ఏదో ఒకటి జారిపోతుందంటేనే నిజం బయటికొస్తుంది.

ఒక్కటే నియమం. నువ్వు అందులో వేలు పెట్టకు. ఎవరు ఎవరికి బిళ్ళలిచ్చుకున్నా, ఏం కొనుక్కున్నా అడ్డు రాకు. దానంతటదే సర్దుకుంటుంది.

నీ
అబ్బాయి

తా.క. నీ రిమోట్ కథ క్లాసులో చెప్పాను. పధ్నాలుగు మంది మేలుకుని విన్నారు. అందులో ఒకడు వేరే క్లాసువాడు, దారి తప్పి వచ్చాడట.

---

మా ఇంటి పండితుడికి,

పిన్ని దీవెనలు, సగం చివాట్లు.

బిళ్ళలు ఎక్కడ తేను? ఎప్పుడో ఇక్కడుండి వెళ్ళిన దర్జీ అమ్మాయి వదిలిపోయిన డబ్బా నిండా ఎర్ర గుండీలుంటే అవే పంచాను. మొదటి వారం నిజంగా అద్భుతం. సీరియల్ జట్టు పన్నెండు మందీ గుండీలు కలిపేసుకుని నాలుగు రోజులు పాడుకున్నారు, పాటల పోటీ వాళ్ళకు ఒకటి, మ్యాచ్ వాళ్ళకు ఒకటి. ఓడినవాళ్ళు సణిగారు గానీ బకెట్ జోలికి వెళ్ళలేదు. నీకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇల్లలకగానే పండగా? రెండో వారానికి గుండీలు హాల్లోంచి మెట్లెక్కాయి. నర్సుకు రాత్రి డ్యూటీ పడింది, ఆమెకు పొద్దున వేణ్ణీళ్ళ స్నానానికి తొందర లేదు. తన వంతు రెండు గుండీలకు అమ్మేసింది. కిటికీ పక్క మంచానికి వారానికి మూడు. ఇస్త్రీపెట్టె ముందుగా కావాలంటే ఒకటి. ఒకావిడ గురక పెట్టకుండా పక్కకు తిరిగి పడుకోవడానికి గదిలోవాళ్ళ దగ్గర రాత్రికో గుండీ పుచ్చుకుంటోంది. ఇదేం చోద్యమే అంటే, మీరు వేలు పెట్టకూడదు కదా మేడమ్ అంది.

మూడో వారం బట్టల కొట్టు అమ్మాయి దగ్గర గుండీలు అకస్మాత్తుగా పెరిగిపోయాయి. వాళ్ళ కొట్లో ఎర్ర గుండీలకేం కరువు? దోసిళ్ళతో తెచ్చింది. నిన్నటిదాకా రెండు గుండీలున్న స్నానం ఇవాళ తొమ్మిది. నిజాయితీగా పది గుండీలతో బతుకుతున్న పిల్లలు చల్లనీళ్ళతో సరిపెట్టుకుంటున్నారు. ఒకళ్ళిద్దరు కమిటీకి రాస్తామంటున్నారు. నువ్వు వద్దన్నావని నేను చేతులు కట్టుకు కూర్చున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవడానికి ఇక్కడ దురదంతా నాదే. వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
చేతులు కట్టుకున్న
పిన్ని

తా.క. మొన్న నా జాకెట్టు గుండీ ఊడి హాల్లో పడింది. తీసుకునే లోపల దాన్ని పెట్టి ఎవరో ఇస్త్రీ చేసుకున్నారు.

---

పిన్నీ,

నమస్కారాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, రెండుసార్లు క్లాసులో. ఇది ద్రవ్యోల్బణం పిన్నీ! పుస్తకంలో పధ్నాలుగు పేజీలు తీసుకున్న సంగతిని మీ మెట్లమీద నాలుగు రోజుల్లో జరిపించావు. గురక ఆపడానికి గుండీ అన్నచోట క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను ఒక వారం అదే పాఠం చెప్పాను.

మందు తేలిక. అసలు గుండీలకు గుర్తు పెట్టు. నకిలీవి చెల్లవని చెప్పు. ఇక మీద కొత్తవి నీ చేతి మీదుగానే రావాలి. వేలు పెట్టొద్దన్నాను గానీ ఈ ఒక్క వేలూ పెట్టు.

నీ
అబ్బాయి

తా.క. ఇప్పుడు నా క్లాసులో కూర్చోవడానికి చోటు లేదు. ముందు బెంచీలో ఒక అమ్మాయి ప్రతిమాటా రాసుకుంటోంది. ఆ హాస్టల్ ఎక్కడని అడిగితే వివరంగా చెప్పాను. జ్ఞానం దాచుకోకూడదు కదా.

---

నోట్లో నువ్వు గింజ నానని వాడికి,

దీవెనలు తరవాత. ముందు ఇది చదువు.

ఆ ముందు బెంచీ పిల్ల ఎవరో తెలుసా? మా కమిటీ అధ్యక్షురాలి కూతురు. నీ పాఠం ఇంటికి మోసుకుపోయి, భోజనాల దగ్గర తల్లికి పూసగుచ్చినట్టు చెప్పింది. శనివారం నాకు కాయితం వచ్చింది. హాస్టల్లో మేట్రన్ అండతో గుండీల జూదం నడుస్తోందని తెలిసిందట. బుధవారం సాయంత్రం ఏడింటికి స్వయంగా వచ్చి చూసి, తరవాత 'తగిన నిర్ణయం' తీసుకుంటారట. తగిన నిర్ణయమంటే ఏమిటో నాకు తెలుసు. అటక మీంచి పెట్టె దింపి దులిపాను. లోపల బొద్దింక తప్ప ఏమీ లేదు.

గుర్తు పెట్టమన్నావు కదా, పెట్టాను. రెండు సాయంత్రాలు కూర్చుని, రంగు వెలిసిన పాత గుండీలు ఏరి, ప్రతిదాని కన్నంలోంచి ఆకుపచ్చ దారం దూర్చి ముడేశాను. నకిలీల బెడద తీరింది. స్నానం మళ్ళీ రెండు గుండీలకు దిగింది. హమ్మయ్య అనుకునేలోపల ఆదివారం వేలంలో ఇంకో వింత. మూలగదిలో ఒక టైపిస్టమ్మ ఉంది. ఉన్నట్టే తెలియని మనిషి, టీవీ వైపు తల కూడా తిప్పదు. ఆవిడ లేచి నిలబడి సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులూ పాడేసింది. స్నానాలకూ ఇస్త్రీలకూ ఖర్చుపెట్టేసిన సీరియల్ జట్టు రోజుకు ముప్ఫై దాకా వచ్చి ఆగితే, ఆవిడ ముప్ఫై ఒకటి అంది. అన్ని గుండీలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే, వేరొకరి తరఫున పాడుతున్నాను, పేరు చెప్పనంది. అన్నిటికీ ఆకుపచ్చ దారం ఉంది. నేనేం చెయ్యను?

కోడలు ఈ వారమే పడుతుందట. సీరియల్ జట్టు కత్తులు నూరుతోంది. బుధవారం ఏం జరుగుతుందో ఊహించుకో.

ఇట్లు,
ముందు నుయ్యి, వెనక నీ పాఠం ఉన్న
పిన్ని

తా.క. బొద్దింకను కూడా ఖాళీ చెయ్యమన్నాను. అది కదలడం లేదు. దానికెవరూ కాయితం పంపలేదు మరి.

---

పిన్నీ,

అత్యవసరం. తొందరలో రాస్తున్నాను, దస్తూరీ మన్నించు.

నేను చెప్పినవన్నీ మరిచిపో. వేలం రద్దు చెయ్యి. టైపిస్టమ్మ దగ్గర రిమోట్ లాక్కుని సీరియల్ వాళ్ళకివ్వు. గుండీలు పాతిపెట్టు. దానంతటదే సర్దుకుంటుందన్నాను చూశావా, అది పుస్తకంలో మాట. పుస్తకం రాసినాయన పిన్నికి ఉద్యోగం పోవడం లేదు.

ఆ అధ్యక్షురాలి ఇంటికి నేనే వెళ్ళి తప్పు నాదని చెబుతాను. ఉద్యోగం పోతే నా గదిలోకి వచ్చెయ్యి. ఒక మంచమే ఉంది, నేను కింద పడుకుంటాను. నిజంగా అంటున్నాను. నిన్ను ఈ గతికి తెచ్చానని నీ ఉత్తరం అందినప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

నీ
బుద్ధిలేని అబ్బాయి

తా.క. ఇంత ఆపదలోనూ అడక్కుండా ఉండలేను. ఆ టైపిస్టమ్మ వెనకున్న మనిషెవరో కనుక్కో. కొద్దికొద్దిగా కూడబెట్టి ఒక్క దెబ్బకు వారమంతా కొన్నదంటే సామాన్యురాలు కాదు. మా క్లాసులో ఒక గంట మాట్లాడించాలి.

---

చిరంజీవి అబ్బాయికి,

నిండు దీవెనలు. నీ ఉత్తరం గురువారం అందింది, జరగవలసింది బుధవారమే జరిగిపోయింది. ఇంకో రోజు ముందొచ్చి ఉంటే నీ మాట విని అంతా పాడుచేసుకునేదాన్ని.

మొదట సోమవారం సంగతి చెప్పాలి. ఏడింటికి టైపిస్టమ్మ హాల్లోకి వచ్చింది. ముప్ఫై ఒక్కమందీ ఆవిడ ఏ చానల్ పెడుతుందా అని చూస్తున్నారు. ఆవిడ రిమోట్ తీసి, టీవీ ఆపేసి, రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతే. పెద్ద గొడవైంది. అప్పుడు నర్సు అంది, "కొనుక్కుంది, ఆవిడిష్టం. మొన్న మనం కొన్నప్పుడు ఆవిడ ఏమైనా అందా?" ఒక్కొక్కరే కుర్చీల్లో కూర్చున్నారు. కాసేపటికి కొళాయి చుక్క పడే చప్పుడు వినపడింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ కొళాయి కారుతోందని ఆ రోజే తెలిసింది.

మంగళవారం కొందరు ముఖాలు ముడుచుకునే కూర్చున్నారు, కొందరు కబుర్లలో పడ్డారు. బుధవారం ఏడుంపావుకి అధ్యక్షురాలు ఇద్దరు సభ్యుల్ని వెంటేసుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల బట్టల కొట్టు అమ్మాయి నర్సు చొక్కాకి కుట్టు వేస్తోంది. గురకావిడ కుర్చీలో నిద్రపోతోంది, అదీ ఉచితంగా, పక్కకు తిరిగి. సీరియల్ జట్టు కోడలు పడితే తరవాత ఏమవాలో తామే కథ అల్లుకుంటున్నారు.

అధ్యక్షురాలు జూదం గురించి అడగడానికి వచ్చిన సంగతే మరిచిపోయింది. ఖాళీ కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచింది. ఎనిమిది దాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో మూడు గదుల్లో మూడు టీవీలున్నాయని, కూతురితో ఇలా కూర్చుని ఎన్నాళ్ళైందో గుర్తు లేదని చెప్పింది. కమిటీ పుస్తకంలో 'హాస్టల్ ప్రశాంతంగా ఉంది, మేట్రన్ కొనసాగవచ్చు' అని రాసి సంతకం పెట్టింది. నా గది నాకు మిగిలింది అబ్బాయ్. ఆ రాత్రి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

ఇక నీ ప్రశ్న. ఆ వారమంతా కొన్న మనిషి నేనే.

తిట్టకు. హాస్టల్లో ఉండే ప్రతి ఒక్కరికీ పది ఇవ్వమని నువ్వే రాశావు. నేనూ ఇక్కడే కదా ఉండేది. ఎవరి లెక్కలోనూ లేను గానీ, నా పది నేను తీసుకున్నాను. మీదుమిక్కిలి సంపాదించుకున్నాను కూడా. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు భోజనం వేడిగా ఉంచితే ఒకటి, పొద్దున్నే నిద్ర లేపితే ఒకటి. దొంగ గుండీ ఒక్కటి కూడా చేసుకోలేదు, దారం నా చేతిలోనే ఉన్నా సరే. వేలం నడిపేదాన్ని నేనే పాడితే బాగుండదని టైపిస్టమ్మను బతిమాలాను. నీకు ముందే చెప్పనందుకు కోప్పడకు. చెబితే ఆ మర్నాడే క్లాసులో చెప్పేసేవాడివి.

శనివారం కాయితం రాగానే ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. నిండా మునిగినదానికి చలేమిటి? దాచుకున్న గుండీలన్నీ ముందు పోసుకుని, పోయేలోపల నాకేం కావాలి అని ఆలోచించాను. నా మంచం తలవైపు గోడ అవతలే ఆ టీవీ. పద్దెనిమిదేళ్ళలో పగలంతా పనిచేసి వచ్చి ఒక్క సాయంత్రం చప్పుడు లేకుండా కాళ్ళు చాపుకోలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగలేదు. నిజం చెప్పనా, గుండీలు చేతిలోకి వచ్చేదాకా అది నాకు కావాలని నాకే తెలియదు.

ఇది మీ పుస్తకంలో ఏ పాఠమో చూసి చెప్పు. పిల్లలకు చెప్పాలనుకుంటే చెప్పు, ఈసారి నేనే అనుమతిస్తున్నాను. నువ్వు కింద పడుకుంటానన్న మాట రెండుసార్లు చదువుకున్నాను.

ఇట్లు,
కాళ్ళు చాపుకుని రాస్తున్న
నీ పిన్ని

తా.క. అధ్యక్షురాలు వచ్చే బుధవారం ఏడు గంటలు తనకు కావాలని కబురు పంపింది. ఆదివారం వచ్చి అందరితో పాటు పాడుకోమన్నాను. బట్టల కొట్టు అమ్మాయి ఆవిడకు రహస్యంగా గుండీలు అమ్మబోయిందట.

ఇంకో తా.క. నీ క్లాసుకు వచ్చి ఒక గంట మాట్లాడమన్నావు. నా గంట ఇప్పుడు ముప్ఫై ఒక్క గుండీలు. నీ దగ్గరెన్ని ఉన్నాయో రాయి.