కిటికీ దారిన మీ వరండాకు

టాలెఫ్‌సన్ గారికి,

మీరు కులాసాగానే ఉన్నారని తెలుసు. పొద్దున మీ వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే చూశాను. ఎదురుపడి చెప్పలేక రాస్తున్నాను.

మా నేలమాళిగలో నేను నడిపే డేకేర్‌కు, నిప్పంటుకుంటే బయటపడే దారి లేదని కౌంటీ ఇన్‌స్పెక్టర్ అభ్యంతరం పెట్టారు. గోడ కోయించి పెద్ద కిటికీ పెట్టించాను. దాని బయట గొయ్యి తవ్వించి, ఎక్కడానికి నిచ్చెన బిగించాను. తీరా ఆయన పరీక్షకు వచ్చి గంట మోగిస్తే పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. “ఆ గోతిలో ఎలుగుబంటి ఉంది” అంది బ్రిన్. మిగతా పిల్లలు ఏడుపందుకున్నారు. లైసెన్సు పోయినట్టే అనుకున్నాను.

ఆ ఏడుపు విని మీరు పైనుంచి తొంగిచూశారు. “ఎలుగుబంటీ లేదు, ఏమీ లేదర్రా, నేనే! అల్లం బిస్కెట్లున్నాయి, రండి” అన్నారు. అందరూ నన్ను తోసుకుని ఎక్కేశారు. ఇన్‌స్పెక్టర్ కూడా ఒకటి తిని, సంతకం పెట్టి వెళ్లారు. మీ మేలు మరువను.

అయితే ఆనాటి నుంచి పిల్లలు గంట కోసం ఆగడం లేదు. నేను వెనక్కి తిరిగితే చాలు, మీ వరండాలో తేలుతున్నారు. కిటికీకి తాళం వేద్దామంటే నిబంధనలు ఒప్పుకోవు. బిస్కెట్లు మానేయమని మిమ్మల్నే అడుగుదామనుకున్నాను. కానీ మీ ఆవిడ ఆర్లీన్ గారు పోయాక మీ ఇంటివైపు నుంచి నవ్వు వినిపించడం ఇదే మొదలు.

అందుకని, రోజూ డబ్బా పట్టుకుని మీరే మా ఇంటికి వస్తారా? దయచేసి తలుపులోంచే రండి. పిల్లలు అదీ నేర్చుకోవాలి.

ఇట్లు,
మీ పక్కింటావిడ