మా ఇంట్లో వేసుకున్న మాత్ర

మే నెల, శుక్రవారం

పులికాట్ ఒడ్డు నుంచి మునెమ్మక్క మా మందుల షాపుకొచ్చింది. కొడుక్కి కరోనా అంట. "మీ ఇంట్లో ఏం మాత్ర వేసుకున్నారో అదే ఇవ్వమ్మా" అనింది. ఆ ఊరోళ్లు అంతే, మందుల షాపోళ్లు ఇంట్లో వాడేదే అసలు మందని నమ్ముతారు.

మా ఇంట్లో వేసుకున్నది నులిపురుగుల మాత్ర. అది కరోనాకీ పనిచేస్తుందని టీవీలో ఒక డాక్టరన్నాడు. రుజువు లేదని పక్కనాయన అరిచినాడు. నాకు మొదటాయన మాటే నచ్చింది. మా అన్నకు కరోనా వస్తే అదే ఇచ్చినాను. "మూడు రోజులు చూద్దాం, ఆసుపత్రి ఎందుకు" అని అన్నకు చెప్పింది నేనే. నాలుగో రోజు ఆక్సిజన్ పెట్టేలోపే పోయినాడు. సమాధి దగ్గర పాస్టరుగారితో కలిపి నలుగురమే. నాకు ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు.

"ఆ మాత్ర వద్దక్కా, బిడ్డను నెల్లూరు తీసుకుపో" అన్నాను.

"మీ అన్నకైతే ఇచ్చినావంట, మాకెందుకు ఇవ్వవు?" అనింది.

అన్న పోయినాడని ఆమెకు తెలీదు. ఆ ఒక్క మాట చెప్తే చాలు. అది చెప్పకముందే చెయ్యి అలవాటు ప్రకారం మాత్రలు కవర్లో వేసింది.

"మూడు రోజులు చూస్తాలేమ్మా" అని వెళ్లిపోయింది.

ఆమె ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది. ఈ రోజు ఒకటో రోజు.